భయపడితే విశ్వాసం లేనట్టేనా? (పాఠకుల ప్రశ్నలు, అమ్మగారి జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. టెన్షన్, దడ, నిద్ర పట్టకపోవడం, వాటన్నిటికీ మించి "నేను ఇలా భయపడుతున్నానంటే నాకు విశ్వాసం లేదేమో" అనే దిగులు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, పేజీ అంతా వీటికే ఇస్తున్నాను. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. నాకు ముప్పై నాలుగేళ్లు. రెండేళ్ల క్రితం ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, చేతులు తిమ్మిరెక్కడం, ఇక చచ్చిపోతానేమో అన్నంత భయం మొదలయ్యాయి. ఈసీజీ, ఎకో అన్నీ బాగానే ఉన్నాయి. మానసిక వైద్యుడు చూసి పానిక్ అటాక్ అన్నారు, మాత్రలు రాశారు, ఆరు నెలల్లో చాలా నయమైంది. పోయిన నెల ఉపవాస కూడికలో ఒక సేవకుడు "మాత్ర మింగేవాడు దేవుణ్ణి నమ్మినట్టు కాదు" అంటే అందరి ముందు చెయ్యెత్తి, మానేస్తానని ఒప్పుకున్నాను. నాలుగో రోజుకి తల తిరుగుడు, వణుకు, ఊరికే ఏడుపు. మళ్లీ వేసుకుంటున్నాను. ఇప్పుడు దేవుడికిచ్చిన మాట తప్పానన్న భయం కొత్తగా పట్టుకుంది. నా విశ్వాసం అబద్ధమా? (తెనాలి)

అబద్ధం కాదు తల్లీ. మళ్లీ వేసుకుని మంచి పని చేశారు. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన దాన్ని కాబట్టి ముందు ఒళ్లు సంగతి చెబుతాను, తర్వాత వాక్యం. ఈ మాత్రలు కొన్నాళ్లు వాడాక ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, వణుకు, చిరాకు, నిద్ర చెడడం చాలామందికి వచ్చేవే. మీకు వచ్చింది అదే అయ్యుండాలి, దానికీ దేవుడి కోపానికీ ఏ సంబంధం లేదు. ఆపాల్సిన రోజు వస్తే డాక్టరే మోతాదు కొంచెం కొంచెం తగ్గిస్తూ ఆపిస్తారు. మధ్యలో నాలుగు రోజులు మానేసిన సంగతి మాత్రం ఆయనకు దాచకండి, ఈ వారమే వెళ్లి చెప్పండి.

ఇక మీరిచ్చిన మాట గురించి. వేలమందికి మైకులో చెప్పిన ఒక మాటకు భయపడి, అందరూ చూస్తుండగా చెయ్యెత్తారు. మిమ్మల్ని దేవుడు అడిగినది కాదది, ఒక మనిషి అడిగినది, అదీ దేవుడు ఎక్కడా అడగని సంగతి. రాజైన హిజ్కియా మరణకరమైన జబ్బుతో ఉన్నప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు కదా. దేవుడు ఆ కన్నీళ్లు చూశానని చెప్పి పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఆ వర్తమానం తెచ్చిన యెషయా ప్రవక్తే, అదే నోటితో, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. రెండో రాజుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయం తీసి చూడండి, వాగ్దానం, మందు పక్కపక్క వచనాల్లో ఉన్నాయి. దేవుడు మాటిచ్చాక ఇంకా మందెందుకని హిజ్కియా అడగలేదు, ప్రవక్త కూడా అనుకోలేదు. పౌలు వెంట తిరిగిన లూకాని "ప్రియుడైన వైద్యుడు" అని పౌలే రాశాడు. నాకు మరీ ఇష్టమైనది ఏలీయా కథ. కర్మెలు కొండ మీద అగ్ని దింపిన మనిషి, ఆ వెంటనే యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి "నా ప్రాణం తీసుకో" అన్నాడు. దేవుడు ఆయన్ని మందలించలేదు, నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి చూపించి తినమంది. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా లేపి తినమంది, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పింది. మెల్లని స్వరం, కొత్త పని, అవన్నీ ఆ తర్వాతే. అలసిపోయిన శరీరం సంగతి దేవుడు ముందు చూశాడని అక్కడ స్పష్టంగా రాసి ఉంటే, మనం కూడికల్లో దాన్ని పక్కన పెట్టి మనుషుల్ని నిలదీయడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

దడ వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా చెబుతాను. మీకు గుండె పరీక్షలు అయ్యాయి కాబట్టి ఇది పానిక్ అని మీకు తెలుసు. (పరీక్షలు చేయించుకోనివాళ్లు, ఛాతీ నొప్పి వస్తే "పానిక్‌లే" అని ఇంట్లో కూర్చోవద్దు, ముందు ఆసుపత్రికి వెళ్లండి.) అది మామూలుగా కొన్ని నిమిషాల్లో బాగా ఎక్కి, తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ నిమిషాల్లో పెద్ద ప్రార్థన చేయలేరు, చేయలేకపోయానని బాధపడొద్దు. గాలి నెమ్మదిగా పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి, వదిలేటప్పుడు "నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అని 56వ కీర్తనలోని ఆ ఒక్క మాట అనుకోండి. భయం కలగదని దావీదు అనలేదు చూడండి, కలిగిన రోజున ఎక్కడికి వెళ్తాడో చెప్పాడు.

ప్రశ్న: "దేనినిగూర్చియు చింతపడకుడి" అని ఆజ్ఞ ఉంది కదా. మరి చింత పడితే పాపమేనా? (మహబూబ్‌నగర్)

ఆ మాట రాసిన పౌలు అప్పుడు బంధకాల్లో ఉన్నాడు, చావో బ్రతుకో తెలియని స్థితిలో. ఫిలిప్పీయులకు రాసిన అదే పత్రికలో రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్తే తిమోతి గురించి "మీ క్షేమవిషయమై నిజముగా చింతించువాడు" అని మెచ్చుకుంటాడు. తెలుగులోనే కాదు, గ్రీకులో కూడా రెండు చోట్లా ఒకటే క్రియ. కొరింథీయులకు రాస్తూ తన కష్టాల జాబితా చెప్పి, చివర్లో సంఘాలన్నిటి గురించిన చింత తనకు రోజూ ఉందని ఒప్పుకుంటాడు. కాబట్టి మనుషుల మీద ప్రేమతో పడే ఆరాటాన్ని పాపం అనడానికి లేదు. "చింతపడకుడి" దగ్గర వాక్యం ఆగిపోలేదు కూడా, "మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి" అని కొనసాగింది. బిడ్డ అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే తల్లి "భయపడకు, నేనున్నాను" అంటుంది. అది బిడ్డ మీద మోపిన నేరమా? పౌలు మాట నాకు అలాగే వినిపిస్తుంది. దేవుడికి చెప్పడం మానేసి, ఆయన లేనట్టే అన్నీ మనమే మోస్తూ కూర్చుంటే అక్కడ సరిదిద్దుకోవాల్సింది ఉంది. అంతకుమించి మిమ్మల్ని మీరు కొట్టుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ అయిపోయి ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు అక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి) మీద ఉన్నాడు. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చట, అందులో 50 దాటాయి. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకున్నాం. రాత్రి రెండింటికి లేచి వాట్సాప్‌లో వాడి లాస్ట్ సీన్ చూస్తాను, ఆన్‌లైన్‌లో ఉంటే ఎందుకు ఫోన్ చేయలేదని, లేకపోతే ఏమైందోనని. ప్రార్థన చేస్తాను, ఆమెన్ అన్న ఐదు నిమిషాలకే మళ్లీ అదే. దేవుడి మీద వేసిన భారాన్ని నేనే మళ్లీ ఎత్తుకుంటున్నానని మా పాస్టరమ్మ గారు అంటున్నారు. ఎలా వదలాలో తెలియడం లేదు. (భీమవరం)

పాస్టరమ్మ గారు చెప్పింది నిజమే అమ్మా, కాకపోతే మళ్లీ ఎత్తుకోవడం అందరం చేసే పనే. "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అని పేతురు రాసిన చోట "వేయుడి" అన్న గ్రీకు మాట కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే ఉంది. యేసు ప్రభువు యెరూషలేముకి వస్తున్నప్పుడు శిష్యులు గాడిదపిల్ల మీద తమ బట్టలు వేశారే, లూకా సువార్తలో ఆ "వేసి" అన్నది ఇదే మాట. నా ఒంటి మీద ఉన్న బట్ట తీసి దాని మీద వేస్తున్నాను, ఇక ఈ బరువు అది మోస్తుంది. ఎంత మామూలు పనో చూడండి. ఆ బట్ట మళ్లీ మీ భుజం మీదకు వచ్చిందని తెలిసిన ప్రతిసారీ మళ్లీ తీసి వేయండి. రోజుకు నలభైసార్లు వచ్చిందా, నలభైసార్లు వేయండి. ముప్పై తొమ్మిదోసారికి ఆయన విసుక్కుంటాడని అనుకోకండి, ఎందుకంటే ఆ వచనంలోనే కారణం ఉంది: "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు." మన తెలుగు బైబిల్లో రెండు చోట్లా చింత అనే ఉంది గాని గ్రీకులో రెండు వేరు మాటలు. మనది లోపల తినేసే చింత. ఆయనది, ఒకరి మీద మనసు పెట్టుకుని పట్టించుకోవడం.

హన్నా గుర్తుందా? పిల్లలు లేక షిలోహు మందిరంలో ప్రార్థిస్తూ, పెదవులు మాత్రమే కదులుతుంటే ఏలీ యాజకుడు ఆమె తాగిందనుకున్నాడు. సేవకులు కూడా అప్పుడప్పుడు మన బాధను తప్పుగా చదువుతారు, తెనాలి సహోదరి కూడా ఇది గమనించాలి. ఆమె తన ఆత్మను యెహోవా సన్నిధిలో కుమ్మరించుకుంటున్నానని చెప్పింది, చెప్పి లేచి వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత ముఖంలో దుఃఖం లేదు. అప్పటికి బిడ్డా లేడు, కడుపూ పండలేదు. సరే, ఇదంతా మీకు తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి అధ్యాయంలోది. ఆ ప్రార్థనకు పుట్టిన సమూయేలు పాలు మరిచాక ఆమె వాణ్ణి మందిరంలో వదిలి ఇంటికి వచ్చింది. ఏడాదికోసారే చూడటం. అక్కడ ఏలీ కొడుకులు ఎలాంటివాళ్లో దేశమంతా చెప్పుకునేది, అలాంటి చోట పసివాణ్ణి వదిలిన తల్లికి రాత్రిళ్లు ఎలా గడిచాయో నాకు తెలియదు గాని, ఏం చేసిందో మాత్రం రాసి ఉంది: ప్రతి ఏడూ వాడికి ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేది. ఎదురుగా లేని బిడ్డకు ఈ ఏడు ఎంత ఎదిగి ఉంటాడో, భుజం ఎంత వచ్చి ఉంటుందోనని ఊహించుకుంటూ కుట్టడం. వాక్యం చదివి ఎన్నిసార్లు ఏడ్చానో అక్కడ. ఆమె చేతిలో ఉన్నది సూది, దారం, ఆ పని ఆమె చేసింది. పిల్లవాణ్ణి కాచే పని దేవుడికి వదిలింది.

మీ చేతిలో ఉన్నదేంటో చూద్దాం. రాత్రి రెండింటికి లాస్ట్ సీన్ చూడటం వల్ల వాడికి ఉద్యోగం రాదు, మీకు బీపీ వస్తుంది. వాడితో మాట్లాడి వారానికి రెండు రోజులు, మీ ఇద్దరికీ కుదిరే టైము పెట్టుకోండి. ఆ కాల్‌లో "ఏమైనా వచ్చిందా?" అని మొదలుపెట్టకండి, ఏం తిన్నావురా అని అడగండి. ఆ 90 రోజుల లెక్క వాడికి మీకంటే బాగా తెలుసు, నిద్రలో కూడా అదే తిరుగుతుంటుంది. ఇంకొక మాట, ఇది చాలా ఇళ్లలో ఎవరూ పైకి అనరు: "ఉద్యోగం రాకపోయినా ఇంటికి వచ్చెయ్, లోను సంగతి అందరం కలిసి చూసుకుందాం, నువ్వు మాకు కావాలి" అని మీ నోటితో, స్పష్టంగా వాడికి చెప్పండి. మీ ఆయన చేత కూడా చెప్పించండి. బంధువుల ముందు తల దించుకోవాలన్న భయంతో ఆ మాట చెప్పకుండా ఆపకండి. ఉద్యోగం వస్తుందని నేను మీకు వాగ్దానం ఇవ్వలేను, ఎవరైనా ఇస్తే నమ్మకండి. జనవరి ఒకటిన సంఘంలో తీసుకున్న వాగ్దాన కార్డు (ఆ ఏడాదికని వచనం రాసిచ్చేది) వీసా కాగితం కాదు కదా. మీ అబ్బాయి ఎక్కడున్నా దేవుడి చేతికి అందనంత దూరంలో లేడన్నది మాత్రం ధైర్యంగా చెప్పగలను.

ప్రశ్న: పడుకోగానే ఆలోచనలు మొదలవుతాయి. ప్రార్థన చేస్తూ చేస్తూనే మనసు ఫీజులు, చెల్లి పెళ్లి, అమ్మ షుగరు మీదికి పోతుంది. (ఖమ్మం)

అలా పోయిన చోటే ప్రార్థన చేయండి. ఫీజు మీదికి పోతే "ప్రభువా, ఈ ఫీజు" అనండి, అంతే, మనసును మళ్లీ లాక్కొచ్చి ఏదో పవిత్రమైన మాట మీద కూర్చోబెట్టక్కర్లేదు. పడుకునే ముందు కాదు, సాయంత్రమే ఒక నోటుబుక్కులో మనసులో ఉన్నవన్నీ రాయండి. రేపు నేను చేయగలిగింది ఉంటే దాని పక్కన ఆ పని రాయండి, లేకపోతే ఖాళీగా వదలండి, ఆ ఖాళీ దేవుడికి. 13వ కీర్తన ఆరే వచనాలు, పడుకునేటప్పుడు చదవండి, "ఎంతకాలము" అంటూ మొదట్లోనే నాలుగుసార్లు దేవుణ్ణి నిలదీస్తాడు దావీదు. అలా అడగొచ్చు. ఫోను వేరే గదిలో పెట్టండి. రెండు మూడు వారాలకి కూడా నిద్ర రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి, థైరాయిడ్ కూడా చూపించుకోండి.

ప్రశ్న: నేను కౌలు రైతుని. మూడెకరాల మిర్చి. రెండేళ్లుగా ఒకసారి తామర పురుగు, ఒకసారి ధర. సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, పురుగుమందుల కొట్టు బాకీ, రెండు రూపాయల వడ్డీ అప్పు నెత్తి మీద ఉన్నాయి. మా ఆవిడకు అప్పు సగమే తెలుసు. ఆదివారం మా అయ్యగారు "ఆకాశపక్షులను చూడుడి, అవి విత్తవు కోయవు" అని చెబుతుంటే లేచి వెళ్లిపోవాలనిపించింది. విత్తేది కోసేది నేనే కదా. ఆ వాక్యం నాలాంటి వాళ్లకేనా? ఎందుకు బతకాలో అర్థం కావడం లేదు. (ప్రత్తిపాడు మండలం)

తమ్ముడూ, మీ ఉత్తరంలో చివరి వాక్యం ముందు చదివాను, మిగతాది తర్వాత చదివాను. అందుకే ఆ వాక్యానికే ముందు జవాబు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే ఎవరికైనా చెప్పండి. 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు ఖర్చు లేదు, ఏ టైములోనైనా తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఇవాళే తీసి తెలిసినవాళ్ల ఇంట్లో తాళం వేయించి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోకండి. ఆసుపత్రిలో క్షణికావేశంలో మందు తాగి వచ్చినవాళ్లను ఎంతోమందిని చూశాను, మెలకువ ఉన్నంతసేపు "నన్ను బతికించండి" అని చేతులు పట్టుకునేవాళ్లు. ఆ క్షణం దాటితే చాలు, చేతికి మందు అందకపోతే ఆ క్షణం దాటుతుంది.

ఇప్పుడు ఆకాశపక్షుల వాక్యం. ప్రభువు ఆ మాట చెప్పింది గలిలయలో, చేపలు పట్టేవాళ్లకి, పన్నులు కట్టలేక నలిగేవాళ్లకి, ఏ రోజు కూలి ఆ రోజు తినేవాళ్లకి. ఆ అధ్యాయంలోనే "అనుదినాహారము" అడగమని నేర్పాడు, నెలకు సరిపడా కాదు, ఆ రోజుకు. చివర్లో "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నాడు. రేపు కీడు ఉండదని ఆయన అనలేదు, కీడు ఉందనే ఒప్పుకున్నాడు. విత్తవద్దని కూడా అనలేదు. కన్నీళ్లతో విత్తేవాళ్ల గురించి 126వ కీర్తనే ఉంది, అది మీ కీర్తన. కాబట్టి ఆ వాక్యం మీలాంటి వాళ్లకే. కానీ అది చెప్పి అన్నం పెట్టకుండా పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు సూటిగా అడిగాడు, ఆ ప్రశ్న మీకు కాదు, మీ సంఘానికి. కరువు రాబోతోందని అగబు అనే ప్రవక్త చెప్పినప్పుడు అంతియొకయ శిష్యులు "దేవుడు చూసుకుంటాడు" అని ఊరుకోలేదు, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు డబ్బు పోగుచేసి యూదయకు పంపారు.

మన దగ్గరే జరిగింది ఉంది. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి చేసిన ప్రార్థన గురించి ప్రతి సంఘంలో చెబుతారు. 1876లో కరువు వచ్చినప్పుడు అక్కడి మిషనరీ క్లౌ దొర ప్రార్థన ఒక్కటే చేయలేదు, బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించారు. సాయం కోసం వచ్చి చేరారన్న మాట రాకూడదని కరువు పోయేవరకు బాప్తిస్మాలే ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరూ చెబుతారు గాని, దాని వెనక ఉన్న పలుగు, పార, గంజి గురించి తక్కువ చెబుతారు. మీ అయ్యగారికి ఈ పేజీ చూపించండి. కానుకలు ఇచ్చే సంఘంలో ఒక కౌలు రైతు అప్పు లెక్క కూర్చుని చూసే మనుషులు ఇద్దరు లేకపోరు. బ్యాంకులో పనిచేసినవాళ్లు, టీచర్లు ఉంటారు కదా. ఏ అప్పు ముందు తీర్చాలి, ఎవరిని గడువు అడగాలి, కౌలు గుర్తింపు కార్డు ఉందా లేదా, ఇవన్నీ వాళ్లతో కూర్చుని రాసుకోవాల్సిన సంగతులు, ఒంటరిగా పడుకుని మోయాల్సినవి కావు.

అన్నిటికంటే ముందు మీ ఆవిడ. మిగతా సగం దాచింది ఆమె తట్టుకోలేదనే కదా. ఆమె మీ ముఖం చూస్తూనే ఉంది తమ్ముడూ, ఏదో ఉందని ఆమెకు ఎప్పుడో తెలుసు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక దీపం దగ్గర కూర్చుని అంకెలతో సహా మొత్తం చెప్పండి. చెప్పాక ఇద్దరూ కలిసి ప్రార్థన చేయండి, మాటలు రాకపోతే 126వ కీర్తన ఆమెను చదవమనండి. తెల్లవారాక నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.